గాటు పెట్టని తాళంచెవి

మీ ఇంట్లో ఒక పాత రేకు డబ్బా ఉండే ఉంటుంది. ఒకప్పుడు బిస్కెట్లు పోసుకున్నదో, ఎవరో పట్నం నుంచి మిఠాయి తెచ్చిందో. అందులో తుప్పు పట్టిన తాళంచెవులు ఓ పాతిక ఉంటాయి. ఏది ఏ తాళానిదో ఇంటిల్లిపాదికీ తెలీదు. పారేద్దామంటే చెయ్యి రాదు. "ఉండనిద్దూ, ఏ తాళం ఎప్పుడు బయటపడుతుందో!" అంటారు పెద్దవాళ్ళు. మా అమ్మమ్మ వదిలి వెళ్ళిన డబ్బా ఒకటి మా ఇంట్లోనూ ఉంది.

దాంతోపాటు ఆవిడ వదిలి వెళ్ళింది మరొకటుంది. తాళం ఉండి చెవి లేని రాతపెట్టె.

మా తాతగారు కాకినాడలో ఒక ప్లీడరు దగ్గర గుమాస్తా. 1947లో దేశం విడిచి వెళ్ళిపోతున్న ఒక దొరగారి సామాను వేలం వేస్తే, అందరూ కుర్చీలకీ పింగాణీకీ ఎగబడుతుంటే, ఆయన పదిహేను రూపాయలిచ్చి ఈ రాతపెట్టె పాడుకొచ్చారట. నల్లటి చెక్క, అంచులకి ఇత్తడి రేకు, మూత తెరిస్తే ఏటవాలుగా పరుచుకునే ఆకుపచ్చ గుడ్డ. దాని చిన్న తాళంచెవిని తాతగారు జందానికి కట్టుకునేవారు. స్నానానికి వెళ్ళినా, సంధ్య వార్చినా అది ఆయన ఒంటి మీదే. ఇంట్లో ఎవరూ ఆ పెట్టె ముట్టుకోకూడదు.

1974లో ఏదో పెళ్ళికని వెళ్ళి, ఊరుగాని ఊళ్ళో పోయారాయన. దహనమూ అక్కడే. జందెంతోపాటు తాళంచెవీ బూడిదలో కలిసిపోయింది కాబోలు, మళ్ళీ కనబడలేదు. పొలం కాగితాల కోసం పెట్టె తెరవక తప్పలేదు. వడ్రంగి వచ్చి ముందువైపు తాళంతో కాసేపు కుస్తీ పట్టి, ఇది నా వల్ల కాదని, వెనకవైపు బందులు ఊడదీసి తెరిచాడు. లోపల పొలం కాగితాలున్నాయి. వాటి కింద తాకట్టు చీటీలున్నాయి. అమ్మమ్మ కాసులపేరు, వంకీలు, నాగరం, ఆఖరికి నగలపెట్టె కూడా. అవన్నీ బ్యాంకులో భద్రంగా ఉన్నాయనే పన్నెండేళ్ళుగా ఆవిడ నమ్ముతూ వచ్చింది.

ఆవిడ ఏడవలేదట. చీటీలు మడిచి పక్కన పెట్టి, "బందులు బిగించు నాయనా, ఆ తాళం మాత్రం ఊడదీసి ఇలా ఇయ్యి" అందిట. ఆనాటి నుంచి ఆ పెట్టె తాళం లేకుండానే ఉండిపోయింది. రేషను కార్డులూ, పిల్లల సర్టిఫికెట్లూ, ఉత్తరాలూ అన్నీ అందులోనే. తాళాన్ని గుడ్డసంచిలో చుట్టి అదే పెట్టెలో ఓ మూల పడేసింది.

చిన్నప్పుడు అడిగాను, "దొంగలొస్తే ఎలా అమ్మమ్మా, తాళం వేసుకోవా?" అని. "దొంగకి తాళం అడ్డమటే పిచ్చిదానా! తాళం వేసేది ఇంట్లోవాళ్ళకి" అంది.

బి.ఏ.లో చరిత్ర చదివి, ఇన్ని నవలలు రాసి కూడా, ఆ మాట నాకు అర్థం కావడానికి నలభై ఏళ్ళు దాటాలిసి వచ్చింది. మొన్నామధ్య మావారు కాఫీ తాగుతూ తాగుతూ, బల్ల మీదున్న నా సగం రాసిన అధ్యాయం చదివి, "ఈ గయ్యాళి ఆడపడుచు మా అక్కయ్యే కదూ?" అన్నారు. ఆయన నవ్వుతూనే అన్నారు లెండి. కాని ఆ అధ్యాయం మరి ముందుకి సాగలేదు. కలం పట్టుకున్నప్పుడల్లా భుజం మీంచి ఎవరో చూస్తున్నట్టే ఉండేది. రచన చేసే ఆడదానికి ఏడాదికి 500 పౌన్ల రాబడీ, తలుపుకి తాళం ఉన్న గదీ కావాలని వర్జీనియా వూల్ఫ్ 1929లోనే రాసింది. గది మాట దేవుడెరుగు, నాకొక పెట్టెకి తాళం చాలనుకున్నాను.

గుడ్డసంచి విప్పి తాళం తీసుకుని, పాతబస్తీలో తాళాలు బాగుచేసే ఒక ముసలి సాహెబు దగ్గరికి వెళ్ళాను. ఆయన వెనక గోడ నిండా దండలు దండలుగా చెవులు వేలాడుతున్నాయి. అన్నీ గాట్లు పెట్టనివే, నున్నగా, అక్షరం రాయని పలకల్లాగా. వాటిని 'బ్లాంక్' అంటారట. మనం ఇచ్చిన చెవికి సరిపడే బ్లాంకు తీసి, దాన్ని చూస్తూ దీనికి గాట్లు కోసి ఇస్తారు. సాహెబు కంటికి భూతద్దం తగిలించుకుని నా తాళాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "అమ్మా, ఇది ఎవరు తయారుచేశాడో గాని, వాడు మనిషి కాదు!" అన్నాడు. తరవాత గోడకేసి చూసి పెదవి విరిచాడు. "గాట్లు పెట్టడం నా పని. ఖాళీ చెవి తేవడం మీ పని. దీనికి నా దగ్గర లేదు. హైదరాబాదు మొత్తం మీద ఉండదు."

తాళం మీద చిన్న కిరీటం గుర్తు. దాని కింద బ్రామా అన్న పేరూ, 124 పికడిల్లీ అన్న చిరునామా. అక్కణ్ణించి మొదలైంది నా వెతుకులాట.

జోసెఫ్ బ్రామా 1748లో ఇంగ్లండులోని యార్క్‌షైరులో ఒక రైతు ఇంట పుట్టాడు. పదహారో ఏట కాలికి దెబ్బ తగిలి పొలం పనికి పనికిరాకుండా పోయాడు. వడ్రంగం నేర్చుకున్నాడు. లండను చేరి గొప్పవాళ్ళ ఇళ్ళలో మరుగుదొడ్లు బిగిస్తూ బిగిస్తూ, వాటిలో లోపం కనిపెట్టి, 1778లో కొత్తరకం దానికి పేటెంటు పుచ్చుకున్నాడు. నవ్వకండి, ఆ డబ్బే ఆయన్ని నిలబెట్టింది. 1784లో తాళానికి పేటెంటు తీసుకున్నాడు. నా గుడ్డసంచిలోది ఆ వంశానిదే.

దాని చెవి మనం ఎరిగున్న చెవిలా ఉండదు. వేలెడంత గొట్టం. దాని కొస చుట్టూ సన్నటి గాట్లు, ఒక్కో గాటు ఒక్కో లోతు. తాళం లోపల స్ప్రింగు దన్నుతో సన్నని ఇనప పలకలు గుండ్రంగా నిలబడి ఉంటాయి. చెవిని లోపలికి నొక్కితే, ఒక్కో పలక తన గాటు లోతుని బట్టి కిందికి దిగుతుంది. అన్నీ దిగవలసినంత దిగితేనే చెవి తిరుగుతుంది. ఒక్కటి వెంట్రుకవాసి ఎక్కువ దిగినా, తక్కువ దిగినా కదలదు. ఇంటి నిండా మనుషులుండి, అందరూ ఒకే మాట మీదికి వస్తే తప్ప పెళ్ళి కుదరనట్టు!

అంత సూక్ష్మమైన పని చేతితో ఎన్ని చేస్తారు? అందుకని బ్రామా పద్దెనిమిదేళ్ళ కుర్రవాణ్ణి ఒకణ్ణి పనిలో పెట్టుకున్నాడు. వాడి పేరు హెన్రీ మాడ్స్‌లీ. తాళం భాగాలు చేసే యంత్రాలు తయారుచేసినవాడు ఆ కుర్రాడే. బ్రామా ఇంట్లో పనిచేసే సారాని 1791లో పెళ్ళాడాడు. సంసారం పెరిగింది. జీతం పెంచమని అడిగితే, వారానికి 30 షిల్లింగులకి మించి ఇవ్వనన్నాడు బ్రామా. 1797లో మాడ్స్‌లీ బయటికొచ్చి సొంత కార్ఖానా పెట్టుకున్నాడు. ఇంగ్లండు యంత్ర పరిశ్రమకి పితామహుల్లో ఒకడయ్యాడు. లోకంలో ఎవరూ తీయలేని తాళం చేసిన పెద్దమనిషి, ఇంట్లో ఉన్న బంగారాన్ని మాత్రం నిలుపుకోలేకపోయాడు.

బ్రామా తన దుకాణం కిటికీలో ఒక పెద్ద తాళం పెట్టాడు. అందులో 18 పలకలు. చెవి లేకుండా దీన్ని తెరిచే పరికరం తెచ్చినవాడికి తక్షణం 200 గినీలు ఇస్తామని దాని మీద బంగారు అక్షరాలతో రాయించాడు. 1814లో ఆయన పోయాడు. కొడుకులు వ్యాపారం నడిపారు. తాళం మాత్రం దశాబ్దాల తరబడి అలాగే ఉండిపోయింది.

ఈలోగా ఇంకో తాళం పుట్టింది. 1817లో పోర్ట్స్‌మత్ ఓడల కార్ఖానాలో దొంగతనం జరిగింది. దొంగచెవులకి లొంగని తాళం చేసినవారికి బహుమతి ఇస్తామంది ప్రభుత్వం. మరుసటి ఏడు జెరెమయా చబ్ అనే ఆయన ఒక తాళానికి పేటెంటు తీసుకున్నాడు. దాని ప్రత్యేకత ఏమిటంటే, ఎవరైనా దొంగచెవి పెట్టి కెలికితే అది బిగుసుకుపోతుంది. తరవాత యజమాని తన చెవి పెట్టగానే మామూలుగా తిరగదు. అంటే, 'నువ్వు లేనప్పుడు ఎవరో వచ్చి నామీద చెయ్యి వేశారు' అని తాళమే చాడీ చెబుతుందన్నమాట! తాళాలు చేసే పనిలో ఆరితేరిన ఒక ఖైదీకి, దీన్ని తీస్తే విడిచిపెడతామని ఆశ చూపించారు. నెలల తరబడి అవస్థపడి, చివరికి చేతులెత్తేశాడు పాపం. ఇది చదివినప్పుడు నాకు తాకట్టు చీటీలే గుర్తొచ్చాయి. యజమానికి చాడీ చెప్పే తాళం కనిపెట్టారు గాని, యజమాని మీద ఇల్లాలికి చాడీ చెప్పే తాళం ఎవరూ కనిపెట్టలేదు.

1851లో లండనులో మహా ప్రదర్శన జరిగింది. దానికి అమెరికా నుంచి ఆల్ఫ్రెడ్ చార్లెస్ హాబ్స్ అనే తాళాల వర్తకుడు వచ్చాడు. ముందుగా చబ్ తాళం పట్టాడు. పెద్దమనుషుల ఎదుట 25 నిమిషాల్లో తెరిచి, 7 నిమిషాల్లో మళ్ళీ వేసేశాడు. తరవాత బ్రామా కిటికీ దగ్గరికి వెళ్ళాడు. మధ్యవర్తులు కూచున్నారు. 16 రోజుల్లో మొత్తం 51 గంటలు పనిచేసి తెరిచాడు. 200 గినీలూ అతని చేతికొచ్చాయి. లండను అదిరిపోయింది. ఇన్నాళ్ళూ కంటినిండా నిద్రపోయినవాళ్ళకి ఒక్కసారిగా నిద్ర పట్టడం మానేసిందట. నిజానికి 51 గంటలు ఊరుకునే గృహస్థు ఎవరుంటారు చెప్పండి! ఆ తాళం ఇప్పుడు లండను సైన్స్ మ్యూజియంలో ఉంది.

ఇంత చరిత్ర తెలుసుకున్నాను గాని నాకు కావలసిన ఖాళీ చెవి మాత్రం దొరకలేదు. లండనులో ఉన్న మా పిన్ని మనవడికి కొలతలు పంపాను. ఒక్కో కాలంలో ఒక్కో మందం గొట్టం వాడారనీ, నా తాళానికి సరిపడేది దొరకడం కష్టమనీ చెప్పాడు. పాత తాళాలు సేకరించే సరదా ఉన్నవాళ్ళు ఆ దేశాల్లో చాలామంది ఉన్నారట. తాళం దొరకడం తేలికేననీ, దానికి సరైన ఖాళీ చెవి దొరకడమే గగనమనీ వాళ్ళ గోల. మూతబడ్డ తాళాల దుకాణాల్లో, అరల అడుగున మిగిలిపోయిన చెవుల కోసం ఏళ్ళ తరబడి తిరుగుతారట. దొరకని వాళ్ళు ఇత్తడి కడ్డీ తెచ్చి, సొంతంగా లేతు మీద చెక్కుకుంటారట.

ఎందుకింత కరువు? కారణం ఆ తాళాల గొప్పతనమే. ఒకప్పుడు ప్రతి చెవినీ కమ్మరి విడిగా చేసేవాడు. అమెరికాలో లైనస్ యేల్ అనే ఆయన, మొదట బొమ్మలు గీసుకునేవాడు, తండ్రి తాళాల పనిలోకి దిగి 1861లో, 1865లో పేటెంట్లు తీసుకున్నాడు. వేల ఏళ్ళ కిందట ఈజిప్టువాళ్ళు చెక్కతో చేసుకున్న తాళం సూత్రమే, చిన్న చిన్న మేకుల్ని సరైన ఎత్తుకి లేపడం. కాని ఆయన చెవిని పల్చని బిళ్ళగా మార్చేశాడు. దాంతో ఖాళీ చెవులు వేలకి వేలు ఒకేలా అచ్చు గుద్దడం తేలికైంది. మన వీధి మూల తాళాల సాహెబుకి బతుకుతెరువు వచ్చింది అక్కణ్ణించే.

అయితే చెవి చెయ్యడం తేలికైతే దొంగచెవి చెయ్యడమూ తేలికే కదా! అంచేత గట్టి తాళాలు చేసేవాళ్ళు ఖాళీ చెవినే కాపలా పెట్టడం మొదలెట్టారు. 1907లో ఫిన్లండులో ఎమిల్ హెన్రిక్సన్ చేసిన ఆబ్లాయ్ తాళంలో స్ప్రింగులే లేవు, చుట్టూ తిరిగే బిళ్ళలుంటాయి. చెవి సగం కోసిన కడ్డీలా ఉంటుంది. అమెరికాలో 1968లో వచ్చిన మెడెకో తాళంలో చెవి గాట్లు ఏటవాలుగా ఉంటాయి. లోపలి మేకు సరైన ఎత్తుకి లేవడంతో సరిపోదు, సరైన వైపుకి తిరగాలి కూడా. ఇలాంటి చెవుల ఖాళీ బిళ్ళలకీ పేటెంట్లుంటాయి. బయట అమ్మరు. ఒప్పందం ఉన్న వర్తకుడికే ఇస్తారు. యజమాని చీటీ చూపిస్తేనే ఆయన మారుచెవి చేసిస్తాడు. దొంగ ఎంత ఘనుడైనా, ఖాళీ చెవి లేనిదే గాటు దేని మీద పెడతాడు?

బాగానే ఉంది. కాని పేటెంటు సాధారణంగా ఇరవై ఏళ్ళు. తాళం వందేళ్ళు బతుకుతుంది. ఈలోగా ఆ రకం తయారీ మానేస్తారు, కంపెనీ చేతులు మారుతుంది, అచ్చులు పాతసామాన్లోకి పోతాయి. ఎవరూ నకలు చేయకూడదని అంత కట్టుదిట్టం చేసిన చెవిని, చివరికి అసలు యజమాని కూడా చేయించుకోలేడు. దొంగ పోయాడు, కాపలావాడూ పోయాడు, కాపలా మాత్రం మిగిలింది.

మన దేశానికొస్తే, ఆర్దేషిర్ గోద్రెజ్ కథ మీకు తెలిసే ఉంటుంది. వకీలుగా ఉండి, కోర్టులో అబద్ధం పలకలేక ఆ వృత్తి వదులుకుని, 1897లో బొంబాయిలో తాళాలు చెయ్యడం మొదలెట్టాడు. ఆ పేరుతో వచ్చిన ఇనప బీరువా లేనిదే మన తెలుగిళ్ళలో ఎన్ని ఏళ్ళపాటు ఆడపిల్ల అత్తారింటికి వెళ్ళలేదు! బీరువా పుట్టింటివాళ్ళు కొన్నదే అయినా, చెవి ఎవరి దగ్గరుంటుందన్నది వేరే సంగతి. శరత్ నవలల్లో కొంగున తాళాల గుత్తి కట్టుకున్న కోడళ్ళని చూసి మనం మురిసిపోయేవాళ్ళం. అత్తగారు గుత్తి బొడ్లోంచి తీసి కోడలి చేతికిచ్చిన రోజే ఆ ఇంటికి కొత్త యజమానురాలు వచ్చినట్టు. పురాతన రోములో భార్యని వదిలెయ్యడమంటే ఆవిడ దగ్గర తాళంచెవులు పుచ్చుకుని ఇంట్లోంచి పంపెయ్యడమే. క్రీస్తు పూర్వం 44లో సిసిరో తన శత్రువు ఆంటోనీని ఎద్దేవా చేస్తూ రాసిన ప్రసంగంలో ఆ ముచ్చట ఉంది. రెండు వేల ఏళ్ళు దాటినా, దేశం ఏదైనా, చెవి ఎవరి దగ్గరుంటే ఇల్లు వాళ్ళదే.

ఇహ లాభం లేదని తాళం మళ్ళీ గుడ్డసంచిలో చుట్టబోతుంటే, ఎందుకో రేకు డబ్బా గుర్తొచ్చింది. చెవులన్నీ నేల మీద గుమ్మరించాను. పిల్లని చంకలో పెట్టుకుని సంతంతా వెతికినట్టు, నేను లండను దాకా వెతికింది ఆ కుప్పలోనే ఉంది. నాలుగంగుళాల పాత ఇనప చెవి, కాడ గొట్టంలా బోలుగా ఉంది. మర్నాడే సాహెబుకి చూపించాను. తాళంలో ఉన్న సన్నటి కడ్డీ మీద దాన్ని గుచ్చి చూశాడు. అతికినట్టు సరిపోయింది. ముసలాయన మొహం విప్పారింది. "కాడ కొంచెం అరగదీస్తాను, ఈ పక్కనున్న రెక్క కత్తిరించి చిన్న ముక్క ఉంచుతాను. తాళం విప్పి పలకల కొలతలు తీసుకుంటాను. ఏడే ఉన్నాయి. కాని ఒక్క మాటమ్మా, ఆకురాయి పడితే మళ్ళీ వెనక్కి రాదు. ఇది దేని చెవో కనుక్కుని రండి."

ఆ సాయంత్రం అమ్మకి చూపించాను. డెబ్భై దాటిన మా అమ్మ దాన్ని అరచేతిలో పెట్టుకుని చాలాసేపు ఊరుకుంది.

"ఇది మా అమ్మ నగలపెట్టెది. పుట్టింటివాళ్ళు ఇచ్చింది."

పెట్టె పోయింది. నగలు పోయాయి. చెవిని ఆవిడ దాచుకుంది. తాళం వెయ్యడమే మానేసిన మనిషి, చెవిని మాత్రం డబ్బాలో అట్టేపెట్టుకుంది.

నాకు ఒక్కసారిగా ఏమీ వద్దనిపించింది. నా నవల కాగితాలు దాచుకోవడం కోసం అమ్మమ్మకి మిగిలిన ఆ ఒక్క ముక్కనీ అరగదియ్యడమా? అదీ తాతగారి పెట్టె కోసం! ఆ మాటే అన్నాను. అమ్మ చెవిని నా చేతిలో పెట్టి వేళ్ళు మూసింది.

"తాతగారి పెట్టె అంటావేమిటే? అది నాన్న దగ్గరున్నది ఇరవై ఏడేళ్ళు. అమ్మ దగ్గర ఇరవై నాలుగేళ్ళుంది. ఇప్పుడు నీది. అరగదియ్యమను. ఇన్నాళ్ళకి అమ్మ చెవి నాన్న తాళంలో తిరుగుతుంది."

సాహెబు పది రోజులు తీసుకున్నాడు. రెండుసార్లు పిలిచి, "ఇంకో పలక మొండికేస్తోంది" అన్నాడు. డబ్బు మాత్రం తను అడగవలసిన దాంట్లో సగమే అడిగాడు. "రెండోది చెయ్యమంటే మాత్రం నా వల్ల కాదమ్మా, ఇంకో ఖాళీ చెవి దొరకదు" అని నవ్వాడు.

తాళం బిగించి తెచ్చిన రోజు అమ్మ ముందు పెట్టాను. అమ్మ తనే చెవి నొక్కి తిప్పింది. టక్కుమని చిన్న చప్పుడు. మళ్ళీ వెనక్కి తిప్పింది. మళ్ళీ టక్కు. నాలుగైదుసార్లు అలా వేస్తూ తీస్తూ కూచుంది.

"ఈ చప్పుడు నాకు తెలుసే. రాత్రి లాంతరు తగ్గించి నాన్న పెట్టె తెరిచేవాడు. నేను నిద్రపోయాననుకునేవాడు. చీటీలు లెక్కపెట్టుకుని, తల పట్టుకుని కూచునేవాడు. మా చదువుల కోసం తాకట్టు పెట్టాడని తరవాత తెలిసింది. అమ్మతో చెప్పి ఉంటే తనే తీసి ఇచ్చేది కదా!" అంది.

ఇప్పుడు నా సగం రాసిన అధ్యాయాలు ఆ పెట్టెలోనే ఉంటున్నాయి. గయ్యాళి ఆడపడుచు కథ హాయిగా సాగుతోంది. చెవి ఎక్కడ పెడుతున్నానో మాత్రం అడక్కండి. మావారు ఈ పత్రిక చదువుతారు.